ఉత్తమ ప్రాజెక్టు అవార్డు రాకపోతే పరిశోధనకు దారి మూసుకుపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సెమిస్టరులో ఉంది. జీడిపిక్కల పెంకుతో తయారుచేసిన కార్బన్‌తో నీటిలోని క్రోమియంను తొలగించడంపై ప్రాజెక్టు చేసింది. ఉత్తమ ప్రాజెక్టు అవార్డు మరొకరికి వచ్చింది. రుసుము కడితే 'యువ పరిశోధకురాలు' అవార్డు ఇస్తామని ఒక సంస్థ అంటోంది. కట్టమంటారా? పీహెచ్‌డీకి విదేశం మేలా, ఇక్కడే మేలా?
– ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ఆ రుసుము కట్టకండి. డబ్బుకు దొరికే అవార్డును ఎంపిక కమిటీలోని ఆచార్యులు ఇట్టే పసిగడతారు, దాని పక్కనున్న మంచి పనిని కూడా అనుమానంగా చూస్తారు. వారం రోజుల్లో అచ్చు వేస్తామనే పత్రికలకు డబ్బు కట్టి పిల్లల పేరిట వ్యాసాలు వేయించే ధోరణి మీద కూడా నాకు ఏమాత్రం నమ్మకం లేదు, ఎందుకంటే తన పనిలోని తప్పును మరొకరు చూపగా దిద్దుకోవడమే పరిశోధనలో మొదటి పాఠం, ఆ పాఠాన్నే ఈ దారి పిల్లలకు అందకుండా చేస్తుంది. నివేదికను నిపుణులు చదివి ఇచ్చే అవార్డుకు విలువ ఉంది, కానీ ఇంటర్వ్యూలో ఎవరూ దాని గురించి అరగంట అడగరు. పీహెచ్ (ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత) పెరిగేకొద్దీ క్రోమియం తొలగింపు ఎందుకు తగ్గిందని అడుగుతారు. ఆమ్ల ద్రావణంలో ధనావేశం పొందిన కార్బన్ ఉపరితలం ఋణావేశమున్న క్రోమేట్ అయాన్లను ఆకర్షిస్తుందని, క్రోమియంను రంగుతో పట్టిచ్చే డైఫినైల్ కార్బజైడ్‌తో వచ్చిన ఊదారంగును 540 నానోమీటర్ల వద్ద కొలిచానని, బ్లాంక్ (పోలిక కోసం క్రోమియం లేకుండా తీసే కొలత) ఇలా తీశానని మీ అమ్మాయి తడబడకుండా చెప్పగలిగితే చాలు.

కఠినంగా అనిపించినా ఒక మాట చెప్పాలి. మీ పూర్తి ఉత్తరంలో అవార్డు పొందిన విద్యార్థి మార్కులు కూడా ఉన్నాయి, మీ అమ్మాయి ప్రాజెక్టు ఫలితం మాత్రం లేదు. ఆమెను ఒక్కసారైనా అడిగారా? ఇంజనీరింగు కాదని కెమిస్ట్రీలో చేర్చడం పొరపాటైందేమో, చివరికి పరవాడ ఫార్మా సిటీలో చిన్న ఉద్యోగంతో ఆగిపోతుందేమో అన్నదే మీ అసలు భయమని నాకు అర్థమైంది. అక్కడి క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో నేర్చుకునే పని చిన్నదేమీ కాదు, ఆ తర్వాత పరిశోధనకు వెళ్లే దారీ మూసుకుపోదు. ఇదే వాల్తేరులో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో, పత్తిపూల వర్ణద్రవ్యాలపై పనిచేసిన ఆచార్య టి.ఆర్. శేషాద్రి 1960లో బ్రిటన్‌లోని ప్రసిద్ధ శాస్త్రవేత్తల సంస్థ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. ఈ ఊరి కెమిస్ట్రీని తక్కువగా చూడకండి.

ఇక మీరడిగిన పోలిక. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) వస్తే మొదట నెలకు 37,000 రూపాయలు, దానితోపాటు నిబంధనల ప్రకారం ఇంటి అద్దె భత్యం అందుతాయి. విదేశమైతే, అప్పు చేసి మరో మాస్టర్స్ చదివించే బదులు స్టైపెండ్ ఇచ్చే పీహెచ్‌డీలకే నేరుగా దరఖాస్తు చేయించండి. రెండింటికీ గైడు రాసే సిఫార్సు లేఖ ముఖ్యం, కాబట్టి సెలవులకు ముందే ఆమెను నివేదికతో, ల్యాబ్ నోట్‌బుక్‌తో గైడు దగ్గరకు పంపండి.