క్రైస్తవ రచయితలు ఒకరినొకరు ప్రోత్సహించుకుంటే నిజంగా ఉపయోగం ఉంటుందా?

సంఘ పత్రికకు పంపిన కథలు రెండుసార్లు తిరిగొచ్చాయని, ఒంటరిగా రాయలేకపోతున్నానని రాశారు. తోటి విశ్వాసుల్లో రాసేవాళ్ళను వెతుక్కుంటే ఏమైనా లాభముందా అని అడిగారు. ఉందండి. నాకు జరిగింది చెబుతాను.

పదేళ్ళ కిందట ఒక పత్రిక నా కథను ఏడు నెలలు ఉంచుకుని, ఒక్క ముక్క కూడా రాయకుండా తిప్పి పంపింది. కాగితాలు బీరువాలో పడేసి రాయడం మానేశాను. సంఘంలో చదివినవాళ్ళు "బాగుందమ్మా, దేవునికి స్తోత్రం" అనేవారు. ప్రేమతోనే అనేవారు. కానీ కథలో వాళ్ళకు ఏది తగిలిందో తెలిసేది కాదు.

ఆ తర్వాత గుంటూరులో ఒక పెళ్ళిలో, మిషన్ ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన ఒక నర్సుగారు పరిచయమయ్యారు. కథ సంగతి తెలిసి అడిగి తీసుకెళ్ళారు. తాగుబోతు కొడుకు కోసం పొయ్యి ముందు కూర్చుని ప్రార్థించే తల్లి కథ అది. వారానికి తిరిగిచ్చారు. నాలుగో పేజీలో పెన్సిల్‌తో సన్నటి గీత, పక్కన చిన్న అక్షరాలు: "ఇక్కడిదాకా అమ్మ కనబడింది. ఇక్కణ్ణుంచి ప్రసంగం వినబడుతోంది."

ఆ రాత్రే నాలుగో పేజీ నుంచి తిరగరాశాను. ఆరు బైబిలు వాక్యభాగాలు తీసేసి, ఆమె నిప్పు ఊదుతూ మధ్యమధ్యలో కొడుకు పేరు పలకడం ఒక్కటే ఉంచాను. సిస్టరుగారు చదివి పొగడలేదు. "ఇంకోటి ఎప్పుడిస్తావు?" అన్నారు. నన్ను మళ్ళీ రాయించింది ఆ ప్రశ్నే. మన రాత కోసం ఒక్క మనిషి ఎదురుచూస్తున్నా చాలు, చెయ్యి కదులుతుంది.

ఆవిడ కూడా రాసేవారు. ఆసుపత్రిలో చూసిన మనుషుల గురించి రెండు లాంగ్ నోటుబుక్కులు నింపారు. చేతులు వణుకుతాయి కాబట్టి శనివారాలు ఆవిడ చదివితే నేను టైపు చేసేదాన్ని. ఒకరోజు మధ్యలో ఆపి, "ఆ ముసలాయన ఏం కప్పుకున్నాడండీ?" అని అడిగాను. కళ్ళు మూసుకుని, "నీలం గళ్ళ దుప్పటి. ఒక మూల కాలింది" అన్నారు. అది నోటుబుక్కులో లేదు.

బైబిల్లోని యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం అప్పుడే నాకు బాగా అర్థమైంది. యిర్మీయా ప్రవక్త చెప్పగా బారూకు అనే లేఖకుడు రాసిన గ్రంథాన్ని రాజు చాకుతో కోసి కుంపటిలో కాల్చేశాడు. ఇద్దరూ మళ్ళీ కూర్చున్నారు, రెండోసారి రాసినదాంట్లో ఇంకా చాలా మాటలు చేరాయి. తిరిగొచ్చిన మీ కథల విషయంలో ఆ అధ్యాయం ఒకసారి చదవండి.

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో రచయితలు జె.ఆర్.ఆర్. టోల్కీన్, సి.ఎస్. లూయిస్‌ల స్నేహమూ ఇలాంటిదే. టోల్కీన్ కాథలిక్, లూయిస్ ఆంగ్లికన్. టోల్కీన్ 1937లో మొదలుపెట్టిన పెద్ద నవల "ద లార్డ్ ఆఫ్ ది రింగ్స్" 1954లో గానీ అచ్చుకు రాలేదు. అది రాస్తున్నప్పుడు అధ్యాయాలు విని, ఇంకా రాయమని వెంటపడింది లూయిస్. ఆయన దగ్గర తాను పొందింది ప్రభావం కాదు, ప్రోత్సాహమేనని టోల్కీన్ తర్వాత ఒక ఉత్తరంలో రాసుకున్నాడు.

మా శనివారాలకు ఇప్పుడు ఐదుగురం వస్తున్నాం. లూథరన్లున్నారు, బాప్టిస్టులున్నారు, ఒక పెంతెకొస్తు తమ్ముడున్నాడు. బాప్తిస్మం గురించి వాదన మొదలైతే సిస్టరుగారు "ముందు కథ చదవండి" అంటారు. ఒకరి రచన అచ్చయితే మిగతావాళ్ళకు కాస్త మనసు చివుక్కుమనడం మాలోనూ ఉంది. దాన్ని దాచుకోకుండా ప్రార్థనలో పైకే చెప్పుకుంటాం, అందుకే ఇన్నాళ్ళు కలిసి ఉన్నామనుకుంటాను.

పెద్ద గుంపు కోసం చూడకండి. మీ సంఘంలోనో పక్క సంఘంలోనో రాసే మనిషి ఒక్కరుంటారు. ముందు వాళ్ళది అడిగి తీసుకుని శ్రద్ధగా చదవండి, మీ కథ తర్వాత ఇవ్వండి. గుంటూరు దగ్గర్లో ఉంటే ఇక్కడే చెప్పండి, మా శనివారానికి రావచ్చు. తిరిగొచ్చిన ఆ రెండు కథలూ పట్టుకురండి.