మడత ముందు, జిగురు తర్వాత

కాగితం కబుర్లు: ప్రెస్సు పిన్ని జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గ్రీటింగు కార్డుల గురించే. సంక్రాంతి దగ్గరపడింది కదా! కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక్క మాట. తెనాలిలో మాకు 31 ఏళ్లు శుభలేఖల ప్రెస్సు ఉండేది. అచ్చు పని ఆయనది. మడతలు, కవర్లు, బైండింగు నావి. మిషన్లు అమ్మేశాం. ఉక్కు స్కేలూ పెద్ద కత్తెరా మాత్రం నేను ఎవరికీ ఇవ్వలేదు. వీధిలో పిల్లలు ఇప్పటికీ ప్రెస్సు పిన్ని అనే పిలుస్తారు.

ప్రశ్న: పిన్నిగారూ, అమ్మానాన్నల షష్టిపూర్తికి 40 కార్డులు నా చేత్తో చేయాలని మెరూన్ రంగు దళసరి అట్ట తెచ్చాను. మడత పెడితే చాలు, మడత వెంట రంగు పగిలి తెల్లటి గీత కనిపిస్తోంది. షాపువాడు నాసిరకం అంటగట్టాడా? (ఓ కూతురు, నంద్యాల)

జవాబు: షాపతన్ని తిట్టకమ్మా, ముందు ఆ అట్టను ఓసారి వంచి చూడు. మడవొద్దు, ఊరికే వంచు. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. ఒకవైపు మెత్తగా వంగుతుంది, రెండోవైపు ఎదురు తిరుగుతుంది. మిషన్ మీద తయారైన కాగితంలో నారపోగులు ఎక్కువగా ఒకే దిక్కుకు పడుకుని ఉంటాయి. ప్రెస్సుల్లో దీన్ని గ్రెయిన్ అంటాం. ఆ పోగుల వెంట మడిస్తే మడత కుదురుగా కూర్చుంటుంది. వాటికి అడ్డంగా మడిస్తే పోగులు విరిగి పైరంగు పగులుతుంది. మెత్తగా వంగిన దిక్కులోనే నీ కార్డు మడత వచ్చేట్టు ముక్కలు కోసుకో. కాస్త అట్ట వృథా అవుతుంది, కానీయ్.

ఇక రెండో సంగతి. దళసరి కాగితాన్ని ఎప్పుడూ నేరుగా మడవకూడదు, ముందు గాడి పెట్టాలి. సిరా అయిపోయిన బాల్‌పెన్ను ఇందుకు బంగారం. అట్ట కింద పాత వారపత్రిక ఒకటి వెయ్యి, మడత రావాల్సిన చోట ఉక్కు స్కేలు ఆనించు, పెన్నుతో రెండుసార్లు గట్టిగా గీయి. గాడి ఒకవైపు, ఉబ్బు రెండోవైపు పడతాయి. మడిచేటప్పుడు ఉబ్బు లోపలికి, గాడి బయటికి రావాలి. నూటికి తొంభైమంది గాడిలోకే మడుస్తారు. మా ప్రెస్సులో కొత్తగా చేరిన కుర్రాళ్లందరూ మొదటిరోజు అదే చేసి ఆయనతో తిట్లు తిన్నవాళ్లే.

అప్పటికీ సన్నగా తెల్లగీత కనిపిస్తే, ఆ అట్టకు రంగు పైపైనే ఉందన్నమాట. గుజ్జులోనే రంగు కలిపిన అట్టకు చించినా లోపల అదే రంగు ఉంటుంది. కొనేముందు షాపులో మూల కొంచెం చించి చూపించమను, మొహమాటపడకు.

మందం సంగతీ చెప్పేస్తాను. 250 జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం 250 గ్రాములు తూగుతుందని లెక్క. చదరపు మీటరుకు ఏ4 కాగితాలు 16. అంటే 250 జీఎస్ఎం ఏ4 ఒక్కటే పదిహేనున్నర గ్రాములు దాటుతుంది. జెరాక్సు కాగితం 80 జీఎస్ఎం, అది 5 గ్రాములే. పోస్టులో ఉత్తరం మొదటి శ్లాబు 20 గ్రాములు. ఏ4 అట్ట నిండుగా కార్డు చేసి, దానికి కవరు తొడిగి, పైన పూసలూ అద్దాలూ అతికిస్తే శ్లాబు దాటిపోతుంది. ఏ4ను సగం కోసి, ఆ సగాన్ని మడిచి కార్డు చేస్తే 8 గ్రాములతో సరి. 40 కార్డులకు 20 షీట్లే పడతాయి కూడా. పాడైపోయేవాటికి ఇంకో 3 తెచ్చుకో.

ప్రశ్న: అమ్మా, మా పాప ముగ్గేసి, పక్కన ఇల్లు లేచి నిలబడే సంక్రాంతి కార్డు చేసింది. తెరిస్తే బాగానే లేస్తోంది కానీ మూస్తే ఇంటి కప్పు కార్డులోంచి నాలుకలా బయటికి వస్తోంది. (ఖమ్మం నుంచి ఓ నాన్న)

జవాబు: నాలుక అన్నారే, సరిగ్గా అన్నారు బాబూ! మీ పాప గంటు పొడవు ఎక్కువ పెట్టింది. ఇలాంటి కార్డులో మడత దగ్గర మొదలుపెట్టి రెండు గంట్లు పెట్టి, మధ్యముక్కను లోపలికి నెడతాం కదా. కార్డు మూసినప్పుడు ఆ ముక్క మడత నుంచి గంటు పొడవుకు రెండింతల దూరం వస్తుంది. గంటు 3 సెంటీమీటర్లయితే ముక్క 6 సెంటీమీటర్ల దాకా పాకుతుంది. కాబట్టి గంటు కార్డు వెడల్పులో సగానికి తక్కువ ఉండాలి. ఏ5 కాగితాన్ని, అంటే ఏ4లో సగాన్ని, మధ్యకు మడిస్తే వెడల్పు 10.5 సెంటీమీటర్లు వస్తుంది. గంటు 5కి మించకూడదు, 4 అయితే నిశ్చింత. ఆ ముక్క ముందువైపు ఇంటి బొమ్మ అతికించేటప్పుడు కూడా కప్పు ఎత్తు ఎంత దాకా వస్తుందో చూసుకోవాలి. జిగురు పెట్టకముందే కార్డు ఒకసారి మూసి చూడమనండి.

మొదట పాత న్యూస్‌పేపరు మీద ఒకటి చేసి చూసుకోవాలి. మేం డమ్మీ అనేవాళ్లం. శుభలేఖ ఎంత చిన్నదైనా డమ్మీ లేకుండా కటింగు మిషన్ దగ్గరికి వెళ్లేవాళ్లం కాదు. ముగ్గు దగ్గర మెరుపు పొడి మాత్రం చల్లనివ్వకండి. కనుమ నాటికి అన్నంలోకి కూడా వస్తుంది.

ప్రశ్న: ఏ జిగురు వాడినా కాగితం అలల్లా లేస్తోంది. (రాజమండ్రి)

జవాబు: తెల్ల జిగురులో నీళ్లుంటాయి. తడికి కాగితం ఉబ్బి, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. వేలితో పల్చగా పూసి, రెండు పొడి కాగితాల మధ్య పెట్టి, పైన బరువుకు బియ్యం డబ్బా పెట్టండి. రాత్రంతా అలాగే ఉంచాలి. ఫోటోలు, పల్చటి రంగు కాగితాలకు రెండువైపులా అంటే టేపు మేలు. ఇంట్లో చేసుకుంటానంటే చెంచా మైదాకు ఐదు చెంచాల నీళ్లు, ఉండ కట్టకుండా కలిపి, అద్దంలా అయ్యేదాకా సన్నసెగ మీద తిప్పడమే. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. పురుగు పట్టకుండా ప్రెస్సులో మైలుతుత్తం వేసేవాళ్లం. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు.

ప్రశ్న: పిన్నీ, బీరువా మీద పాత శుభలేఖలు 200 దాకా పోగయ్యాయి. అట్ట ఎంత బాగుందో! కానీ పైన వినాయకుడు, అంచులకు పసుపు. కత్తెర పెట్టడానికి చేతులు రావట్లేదు. పారేయడానికీ రావట్లేదు. (కరీంనగర్)

జవాబు: అలాంటివి రోజూ మడిచిన నాకే రాలేదు తల్లీ. నేను చేసేది చెబుతాను, నచ్చితే చెయ్యి. ముందు వినాయకుడి బొమ్మను చుట్టూ కోసి పూర్తిగా విడిగా తీస్తాను. మధ్యలోంచి కత్తెర పోనివ్వను. ఆ బొమ్మలు ఓ డబ్బాలో ఉంటాయి, మళ్లీ ఇంకో శుభకార్యం కార్డు తలమీద కూర్చుంటాయి. పసుపు అంచు అలాగే ఉంచుతాను. అది మరక కాదు కదా!

మిగిలిన అట్టతో చదివింపుల కవర్లు చేసుకో. 116, 516, 1116 పెట్టే కవర్లు కొనడమెందుకు? 500 నోటు 15 సెంటీమీటర్ల పొడవు, 6.6 వెడల్పు. కవరు 16.5 పొడవు, 8 ఎత్తు ఉంటే నోటు మడవకుండా దూరుతుంది. డమ్మీకి ఏ4 కాగితం తీసుకో. ముందువైపు 8, వెనకవైపు 7.5, మూత 3.5, మొత్తం 19 సెంటీమీటర్ల ఎత్తు. వెనకభాగానికి రెండు పక్కలా 2 సెంటీమీటర్ల చెవులు వదులు, జిగురు వాటికే. మూతకు ఒక పక్కన రూపాయి బిళ్ల పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ గీతకు ఎదురెదురుగా రెండు చిన్న గంట్లు పెడితే బిళ్ల అందులో దూరి కూర్చుంటుంది. టేపు అక్కర్లేదు. మన దగ్గర రూపాయి బిళ్లలే రెండు మూడు సైజుల్లో ఉన్నాయి, అందుకే కొలత చెప్పడం లేదు. శుభలేఖ అట్ట ఒక్కటి చాలకపోతే ముందువైపు ఒక పెళ్లి, వెనకవైపు ఇంకో పెళ్లి వస్తాయి. ఏం ఫర్వాలేదు.

ఫర్వా ఉన్నది ఒకటే. పేర్లు. మా ఆడపడుచు కొడుకు పెళ్లికి నేను ఇలాంటి కవరే ఇచ్చాను. లోపలివైపు పాత శుభలేఖ అక్షరాలున్నాయని చూసుకోలేదు. ఆ పాత పెళ్లికూతురు మరెవరో కాదు, వీళ్లు ముందు చూసి, జాతకం కుదరలేదని వదులుకున్న సంబంధం! కొత్తకోడలు కవరు విప్పి పేరు పైకి చదివింది. ఆ తర్వాత మా ఆడపడుచు నాతో మాట్లాడటానికి ఉగాది వచ్చింది. కనుక అక్షరాలున్న భాగం ముందే తీసెయ్యి.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. మా తాతయ్య మా అమ్మకు రాసిన ఇన్‌లాండ్ లెటర్లు 60 నా దగ్గరికి వచ్చాయి. అన్నీ 1978–85 మధ్యవి. మడతల దగ్గర చిరుగుతున్నాయి. లామినేషన్ చేయించి ఆల్బం కట్టి అమ్మకు ఇద్దామని ఉంది.

జవాబు: లామినేషన్ మాట మర్చిపో నాన్నా. ఒకసారి వేడికి ప్లాస్టిక్ అతుక్కుంటే దాన్ని వెనక్కి తీయడం కుదరదు. సెల్లోటేపు అంతకన్నా ద్రోహి. నా పెళ్లయ్యాక మా నాన్నగారు రాసిన మొదటి కార్డు చిరిగితే 1986లో నేనే టేపు వేశాను. టేపు ఎప్పుడో ఊడిపోయింది, దాని జిగురు మాత్రం టీ మరకలా మిగిలింది. ‘నీవు క్షేమమని తలుస్తాను’ అన్న చోట ఇప్పుడు ‘నీవు క్షేమ’ దాకానే కనిపిస్తుంది. కార్డులూ కవర్లూ చేసి బతికిన మనిషిని, నా చేతులతో నేనే చేసుకున్నాను.

నువ్వు చేయాల్సింది ఇది. ముందు అన్నిటినీ రెండువైపులా స్కాన్ చేసుకో. తర్వాత ఒక్కో ఉత్తరాన్ని మెల్లగా విప్పి, తేదీల వరసన సర్ది, మూలన మెత్తటి పెన్సిలుతో చిన్న అంకె వెయ్యి. పెన్ను వద్దు. మళ్లీ మడవకు. మడిచి విప్పిన ప్రతిసారీ ఆ గీత ఇంకాస్త తెగుతుంది. చిరిగిన చోట పాత కాగితాలు బాగుచేసేవాళ్లు సన్నటి జపాన్ కాగితం పీలికను గోధుమ గంజితో అంటిస్తారు. అమెరికాలో ఆ కాగితం దొరకడం కష్టం కాదు, ఏళ్లు గడిచినా తొందరగా పసుపెక్కని, ఆసిడ్ లేని కాగితమూ అంతే. ముందు ఏదైనా పనికిరాని కాగితం మీద చేయి తిరిగేదాకా చెయ్యి.

ఇప్పుడు ఆల్బం. దాన్ని హార్మోనియం మడతలో కట్టు. ఆసిడ్ లేని దళసరి కాగితాన్ని పొడుగు పట్టీగా కోసి, ఒకసారి ముందుకు ఒకసారి వెనక్కు మడుస్తూ పోవడం. గాడి సంగతి నంద్యాల అమ్మాయికి చెప్పాను, చూడు. ఒక్కో పుటకు నాలుగు మూలలా కాగితంతో చేసిన ముక్కోణం తొడుగులు అతికించి ఉత్తరం మూలలు అందులోకి దూర్చు. జిగురు తొడుగుకే తగులుతుంది, తాతయ్య ఉత్తరానికి తగలదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి, వెనకవైపు అడ్రసూ పోస్టాఫీసు ముద్రా చూసుకోవచ్చు. 60 ఒకే పట్టీలో పెట్టకు, బరువుకు చిరుగుతుంది. పన్నెండేసి చొప్పున ఐదు చెయ్యి. గోడకు తగిలించాలనిపిస్తే స్కాన్ తీసినదాన్ని తగిలించు. వెలుతురుకు సిరా వెలిసిపోతుంది.

అమ్మకు ఇచ్చేటప్పుడు మొదటి పుట ఖాళీగా వదిలి ఇవ్వు. ఆవిడ ఏదో ఒకటి రాస్తుంది.

ప్రశ్న: కార్డు అందంగానే వస్తుంది, లోపల ‘హార్దిక శుభాకాంక్షలు’ తప్ప ఏం రాయాలో తోచదు. (విశాఖపట్నం)

జవాబు: మా ప్రెస్సులో మాటర్ నమూనాల రిజిస్టరు ఉండేది. వచ్చినవాళ్లు చదవకుండానే ‘పద్నాలుగో నంబరు వేసెయ్యండి’ అనేవారు. ఊరంతా పద్నాలుగో నంబరే. జనవరి 1కి ముందు బజార్లో బల్లల మీద గుట్టలుగా అమ్మిన గ్రీటింగులు నాకు ఎన్ని వచ్చాయో లెక్కలేదు, ఒక్కటీ దాచలేదు. దాచినది మా అబ్బాయి హాస్టల్ నుంచి నోటుపుస్తకం అట్టతో చేసి పంపినది. అందులో శుభాకాంక్షల ఊసే లేదు. ‘నువ్విచ్చిన దోసావకాయ సీసా ట్రంకుపెట్టెలో పగిలింది. చొక్కాలన్నీ అదే వాసన. పక్క గదివాళ్లు కూడా అన్నం పట్టుకుని వస్తున్నారు’ అని రాశాడు.

ప్రశ్న: రావి ఆకు పుస్తకంలో పెడితే జల్లెడలా అవుతుందని అమ్మమ్మ చెప్పింది. నాలుగు నెలలైంది, ఎండిపోయిందే గానీ జల్లెడ కాలేదు. (ఎనిమిదో తరగతి, పలాస)

జవాబు: పుస్తకంలో పెడితే కాదురా అబ్బాయ్, నీళ్లలో పెడితే అవుతుంది. ముదురు ఆకు తీసుకుని వెడల్పాటి గిన్నెలో నీళ్లలో మూడు నాలుగు వారాలు నానబెట్టు. నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చు. కంపు కొడుతుంది, పెరట్లో పెట్టు. పైపొర జిగటగా ఊడటం మొదలయ్యాక పళ్లెంలో పరిచి, పాత టూత్ బ్రష్‌తో ఈనెల వెంట మెల్లగా తట్టు. రుద్దకు, చిరుగుతుంది. పచ్చదనమంతా పోయి ఈనెల వల మిగులుతుంది. కడిగి, న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, అప్పుడు మాత్రం ఆ పుస్తకం పైన పెట్టు. నల్ల కాగితం మీద రెండు చుక్కల జిగురుతో అతికిస్తే అమ్మమ్మకు ఇచ్చే కార్డు తయారు. మూడు ఆకులు నానెయ్యి, ఒకటైనా నిలుస్తుంది. ఈ సంక్రాంతికి అందదులే, ఉగాదికి ఇద్దువు.