రంగం నుంచి నడిచొచ్చిన కథ రాస్తున్న అమ్మాయికి

పెరంబూరు, చెన్నై

అమ్మాయీ,

మీ అమ్మమ్మగారు చిన్నప్పుడు బర్మా నుంచి నడిచొచ్చిన కథ అని నువ్వు పంపిన పద్నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటి నాలుగు పేజీలు తీసెయ్యి. 1941 డిసెంబర్ 23న బర్మాలోని రంగూన్ మీద జపాన్ విమానాలు బాంబులు వెయ్యడం, సైరన్లు, మంటలు, పరుగులు, అన్నీ బాగానే రాశావు. కానీ అవి నువ్వు చదివి తెచ్చినవి. అయిదో పేజీలో మీ అమ్మమ్మగారు నోరు విప్పారు. "జనంలో తప్పిపోతానని మా అమ్మ తువ్వాలుతో నా చెయ్యి తన చేతికి కట్టేసుకుంది" అన్నారు. అక్కడ నేను కాగితం పక్కన పెట్టి కాసేపు కూర్చుండిపోయాను. ఏడేళ్ల పిల్లకి ఏ దేశం ఏ దేశం మీద దండెత్తిందో ఏం తెలుస్తుంది? మణికట్టు ఒరుసుకుపోవడం తెలుస్తుంది. నీ కథ ఆ తువ్వాలుతో మొదలవ్వాలి.

ఇంకో మాట. ఆవిడ "రంగం" అన్న ప్రతిచోటా నువ్వు "రంగూన్" అని దిద్దావు. దయచేసి వెనక్కి మార్చు. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో "వాడు రంగం పోయాడు" అంటే చాలు. అప్పు, ఓడ, ఎప్పుడో వచ్చే మనియార్డరు, ఎదురుచూసే ఆడమనిషి, అన్నీ అందులోనే ఉన్నాయి. అక్కడివాళ్లు మనవాళ్లని కోరంగీలు అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మనుషులకి అంటుకుపోయింది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగం మందికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసినవాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. వాళ్లు పెట్టుకున్న పేరు తీసేస్తే వాళ్ల గొంతు కూడా పోతుంది. మన ఊళ్లోనే చూడు. 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ వచ్చి మద్రాసు రేవు దగ్గరి కిరసనాయిలు ట్యాంకుల మీద గుండ్లు పేల్చింది. ఆ ఓడ నాశనమైపోయి నూరేళ్లు దాటినా, గట్టి పిండాన్ని "వాడు ఎమ్డెన్" అనే తమిళ పెద్దలు ఇంకా ఉన్నారు. అలాంటి మాట ఎవరి నోట విన్నా వెంటనే రాసిపెట్టుకో.

ఇప్పుడు నీమీద నాకు నిజంగా కోపం వచ్చిన చోటు. నువ్వు ఉత్తరంలో రాశావు: "తెల్లవాళ్లకి వేరే దారి ఉందని అమ్మమ్మ ఏదో చెప్పింది, వయసు మీద పడి తడబడుతోందని వదిలేశాను" అని. ఆవిడ తడబడలేదమ్మా. 1942లో బర్మా నుంచి మణిపూర్ మీదుగా వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకి సౌకర్యమైన దారీ, మనవాళ్లకి నీళ్లూ నీడా లేని దారీ విడివిడిగా పెట్టారని అప్పట్లోనే పెద్ద గొడవైంది. తెల్ల దారి, నల్ల దారి అన్నారు. కాంగ్రెస్ కూడా నిలదీసింది. లక్షల మంది నడిచారు, వేలమంది దారిలోనే రాలిపోయారు. ముసలివాళ్లు చెప్పినదాంట్లో నమ్మశక్యం కానిది ఏదైనా ఉంటే ముందు దాని గురించే వెతుకు. ఎగ్మోర్‌లో ఆర్కైవ్స్ ఉంది, కన్నెమరా లైబ్రరీ ఉంది. వెళ్లి కూర్చో.

వెతకడమంటే ఆవిడని పరీక్షించడం కాదు. వాల్తేరు స్టేషన్లో దిగేసరికి ఊరి జనం మూటలతో ఎదురు వెళ్లిపోతున్నారని ఆవిడ చెప్పారు కదా. విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. అంటే వీళ్లు దిగింది ఆ తరవాతే. దారిలో రెండు నెలలు పట్టిందన్నారు. లెక్క వెనక్కి కట్టుకో. మార్చి 8న రంగూన్ జపాన్ చేతిలో పడకముందే బయల్దేరి ఉండాలి. చూశావా, తేదీ ఒక్కటి కూడా గుర్తులేని మనిషి ఎంత సరిగ్గా చెప్పారో! బాంబులకి భయపడి నడిచొచ్చినవాళ్లు, బాంబులకి భయపడి ఊరొదిలేస్తున్నవాళ్లు ఒకే ప్లాట్‌ఫాం మీద ఎదురుపడ్డారు. ఇంతకంటే పెద్ద సన్నివేశం నువ్వు కల్పించగలవా? నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

కల్పన అన్నాను కాబట్టి తమ్ముడి సంగతి. ఆవిడ చెప్పింది మూడే మాటలు: "తరవాత తమ్ముడు లేడు." నువ్వు రెండు పేజీలు రాశావు. జ్వరం, వాన, తల్లి ఒడి, ఆఖరి చూపు. ఇవేవీ ఆవిడ చెప్పలేదు.

నేనూ ఈ తప్పు చేశాను. చాలా ఏళ్ల కిందట, అదే దారిలో నడిచొచ్చిన ఒక పెద్దాయన గురించి రాశాను. అన్నని అడవిలో వదిలేసి వస్తూ ఆయన వెక్కివెక్కి ఏడ్చాడని రాశాను. అందరూ మెచ్చుకున్నారు. పత్రిక తీసుకెళ్లి ఆయనకి చదివి వినిపించాను. అంతా విని, "ఆ రోజు నేను ఏడవలేదు బాబూ. కాలికి పుండు. ఇంకెంత దూరం నడవాలా అనే ఆలోచన" అన్నాడు. కోప్పడలేదు. కాసేపాగి, "నువ్వు రాసినట్టు ఏడ్చుంటే బాగుండేది" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. అన్న కోసం ఏడవలేదని ఆయన అన్నేళ్లు మోస్తున్న బాధ నా కంటికి ఆనలేదు. పైగా దాని మీద నా కన్నీళ్లు పోశాను.

ఒకసారి నందంబాక్కంలో యుద్ధ శ్మశానానికి వెళ్లు. 1952లో ఏర్పాటైంది. 850కి పైగా సమాధులు. గడ్డి చక్కగా కత్తిరించి ఉంటుంది. రాళ్లమీద పేరు, దళం, చనిపోయిన తేదీ ఉంటాయి. కొన్నిటి కింద ఇంట్లోవాళ్లు ఎంచుకున్న ఒక వాక్యం కూడా చెక్కి ఉంటుంది. నేను అవి చదివినప్పుడల్లా, మణిపూర్ దారిలో పోయిన మనవాళ్లకి ఆ ఒక్క రాయి కూడా లేదు కదా అనిపిస్తుంది. సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్ నుంచి బర్మాకి జపాన్‌వాళ్లు వేయించిన 415 కిలోమీటర్ల రైలు దారిలోనూ అంతే. బందీలైన సైనికులకి కాంచనబురిలో వరసగా రాళ్లున్నాయి. మలయా తోటల నుంచి తీసుకెళ్లిన తమిళ, తెలుగు కూలీలు అంతకంటే చాలా ఎక్కువమంది చచ్చిపోయారు. వాళ్ల పేర్లతో అలాంటి వరసలు లేవు. మీ అమ్మమ్మగారి తమ్ముడి పేరు నీ పద్నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. అడిగావా?

ఒక్కసారిగా అడక్కు. ముందు తువ్వాలు గురించి అడుగు, ఏ రంగుదో, తరవాత ఏమైందో. యుద్ధం అయ్యాక మళ్లీ రంగం ఎందుకు వెళ్లారో, 1964లో బర్మా ప్రభుత్వం నోట్లు రద్దు చేశాక ఓడెక్కి మద్రాసు వచ్చినప్పుడు పెట్టెలో ఏముందో అడుగు. పేరు ఆవిడే చెప్తే రాసుకో. చెప్పకపోతే ఆ మూడు మాటలే ఉంచి, కింద కొంచెం ఖాళీ వదిలి, తరవాతి రోజు నడక రాయి.

పొద్దున పూట ఆవిడ బాగా మాట్లాడతారని రాశావు. ఆదివారం ఎనిమిదింటికల్లా వ్యాసర్పాడి వస్తాను. ఫోన్లో రికార్డింగ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో శనివారమే చూసుకో. ఆవిడకి ఇష్టమని చెప్పావుగా, బర్మా బజార్ నుంచి అత్తో, అదే ఆ బర్మా నూడుల్స్, నేను తెస్తాను.

ఆశీస్సులతో,
మీ పెరంబూరు తాతయ్య