దగ్గు సిరప్, డిప్రెషన్ మాత్ర: మీ ప్రశ్నలకు మా జవాబులు

ప్రశ్న: డిప్రెషన్‌కి ఫ్లూయోక్సెటిన్ 20 మి.గ్రా. వాడుతున్నాను. పొడిదగ్గు వస్తే మెడికల్ షాపులో సిరప్ ఇచ్చారు. చెప్పిన కొలతే తాగాను. రెండో రోజుకల్లా ఒళ్లు నాది కానట్టు, గదిలో వస్తువులన్నీ దూరం జరిగినట్టు అనిపించింది. చేతులు వణికాయి. నా భ్రమేనా?
– పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: భ్రమ అనుకోకండి. ముందు సీసా వెనక చదవండి. డెక్స్ట్రోమెథార్ఫాన్ అన్న పేరుంటే కారణం దొరికినట్టే. పొడిదగ్గుకి అది మంచి మందే. కాకపోతే మెదడులో సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అడ్డుకుంటుంది. ఆపరేషన్లలో మత్తుకి వాడే కెటమిన్ కూడా అక్కడే పనిచేస్తుంది. ఒంటికీ మనసుకీ తెగిపోయినట్టుండటం ఈ కోవ మందుల్లో కనిపించే గుణం.

పెద్దవాళ్లకి రోజుకి 120 మి.గ్రా. మించకుండా వాడితే సాధారణంగా ఇంత దూరం రాదు. మీ విషయంలో తేడా ఫ్లూయోక్సెటిన్ వల్ల వచ్చి ఉంటుంది. డెక్స్ట్రోమెథార్ఫాన్‌ను కాలేయంలో విరగ్గొట్టే ఎంజైము సీవైపీ 2డీ6. ఫ్లూయోక్సెటిన్, పారాక్సెటిన్, బుప్రోపియాన్ అనే డిప్రెషన్ మందులు దాన్ని గట్టిగా అడ్డుకుంటాయి. అందుకే మూతతో సరిగ్గా కొలిచి తాగినా రక్తంలో మందు పేరుకుపోతుంది. కొందరికి పుట్టుకతోనే ఈ ఎంజైము మందకొడిగా ఉంటుంది. వాళ్లకి ఏ మాత్రా వేసుకోకపోయినా ఇలా కావచ్చు.

వణుకు సంగతి వేరు. రెండు మందులూ మెదడులోని సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచేవే. వణుకు, చెమటలు, విరేచనాలు, కాళ్లు వాటంతటవే అదరడం, గుండెదడ అది మితిమీరిందనడానికి గుర్తులు. వీటికి జ్వరం, కండరాలు బిగుసుకోవడం, మాట తడబడటం తోడైతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

సిరప్ ఆపేయండి. ఫ్లూయోక్సెటిన్ మాత్రం సొంతంగా ఆపొద్దు. ఆపినా దాని ప్రభావం ఒంట్లో వారాల తరబడి ఉంటుంది, కాబట్టి లాభం లేదు. జరిగింది మీ సైకియాట్రిస్టుకి చెప్పండి. నొప్పికి ట్రామడాల్, ఇన్ఫెక్షన్‌కి లినెజోలిడ్ రాసినప్పుడు కూడా ఈ మాత్ర పేరు చెప్పాలి. దగ్గుకి రాత్రి ఒక చెంచా తేనె చాలాసార్లు పనిచేస్తుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే కళ్లె పరీక్ష చేయించండి.

ప్రశ్న: మా ఫ్లాట్‌లో వీకెండ్ పార్టీకి కెటమిన్ పొడి తెస్తున్నారు. బీరుతో అయితే తేలిగ్గా ఉంటుందని, భయమేస్తే నిద్రమాత్ర వేసుకుంటే సరిపోతుందని అంటున్నారు. నిజమేనా?
– విద్యార్థి, కోరమంగళ

జవాబు: రెండూ తప్పే. బీరు చేరితే మత్తు లోతవుతుంది, వాంతి వస్తుంది. స్పృహ లేనివాడు వెల్లకిలా పడుకుని వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇలా ప్రాణాలు పోవచ్చు.

నిద్రమాత్ర మాట ఆపరేషన్ థియేటర్ నుంచి అరకొరగా వచ్చింది. అక్కడ కెటమిన్‌తో వచ్చే భయాలు తగ్గించడానికి మిడజొలామ్ అనే మత్తుమందు ఇస్తారు, నిజమే. కానీ పక్కన ఆక్సిజన్, మానిటర్, అనస్థీషియా డాక్టర్ ఉంటారు. మీ ఫ్లాట్‌లో వాటిలో ఒక్కటీ ఉండదు. గంజాయి కలిస్తే కంగారు, భయం పెరగొచ్చు. కొకైన్ లాంటి ఉత్తేజకాలు కలిస్తే బీపీ, గుండె వేగం రెండు వైపుల నుంచీ ఎగబాకుతాయి. పైగా ఆ పొడిలో నిజంగా ఏముందో అమ్మినవాడికీ తెలియకపోవచ్చు. తరచుగా వాడేవాళ్లకి మూత్రాశయం దెబ్బతిని, మాటిమాటికీ మంటతో మూత్రం వస్తుంది.

ఎవరైనా పిలిస్తే పలక్కపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి, ఒంటరిగా వదలొద్దు. ఏమేం వేసుకున్నారో డాక్టరుకి దాచకండి. మానుకోవడానికి సాయం కావాలంటే బెంగళూరులోని మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్స విభాగం ఉంది. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

ప్రశ్న: డిప్రెషన్‌కి ఎస్‌కెటమిన్ (కెటమిన్‌లోని ఒక రూపం) ముక్కు స్ప్రే ఇస్తామన్నారు. రాత్రి క్లోనజెపామ్ అనే మత్తు మాత్ర వేసుకుంటాను. చెప్పాలా?
– పాఠకుడు, జయనగర్

జవాబు: తప్పక చెప్పండి, మత్తు పెరుగుతుంది. స్ప్రేకి రెండు గంటల ముందు నుంచి ఏమీ తినొద్దు. తర్వాత కనీసం రెండు గంటలు ఆసుపత్రిలోనే కూర్చోబెట్టి బీపీ చూస్తారు. ఆ రోజు బండి నడపొద్దు, రాత్రి బాగా నిద్రపోయాక మర్నాడే.