సైకిల్ సందేహాలు: చవక బేరం, మూడు చక్రాలు

ప్రశ్న: మోకాళ్ల నొప్పులతో మామూలు సైకిల్ మానేశాను. వెనక్కి ఆనుకుని, కాళ్లు ముందుకు చాపి తొక్కే మూడు చక్రాల సైకిల్ ఒకటి చవగ్గా దొరుకుతోంది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. పొద్దున్నే తిరుచానూరు దాకా వెళ్లి రావాలని ఆశ. కొనమంటారా?
– ఒక రిటైర్డ్ టీచర్, తిరుపతి

జవాబు: మాస్టారూ, డబ్బులిచ్చే ముందు అందులో ఒకసారి కూర్చుని లేవండి. ఈ రకంలో సీటు నేలకి జానెడు పైన ఉంటుంది, అంతే. తొక్కినంతసేపూ మోకాలికి హాయే, లేచేటప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

ఈ తరహా బండ్లలోనే లోపం ఉందని కాదు. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచ్ సైకిల్ రేసర్ ఇలా వాలి తొక్కే రెండు చక్రాల బండి మీద గంటలో 45 కిలోమీటర్లు దాటాడు. మరుసటి ఏడాదే ఇలాంటివాటిని పోటీల నుంచి తీసేశారు. తేడా అంతా చవక తయారీలో వస్తుంది.

మా షాపుకి అలాంటిదొకటి రిపేరుకి వచ్చింది. కుడి ముందు చక్రం బ్రేకు ఒక్కటే పట్టగానే హ్యాండిల్ కుడికి లాగేసింది. హ్యాండిల్ తిప్పినప్పుడు ముందు చక్రం పక్కకి మళ్లే నిలువు ఇరుసు, అదే కింగ్‌పిన్, దాని వాలు వెంబడి ఒక చువ్వ పెట్టి నేలదాకా చూశాను. అది టైరు నేలను తాకే చోటికి రావాలి. ఇక్కడ మూడు వేళ్లు లోపలికి పడింది. వెల్డింగ్‌లోనే తప్పిన కోణం మాస్టారూ, స్పానర్‌తో సరిపోదు. మీరు బేరానికి వెళ్లినప్పుడు నడక వేగంలో ఒక్కో బ్రేకు విడిగా పట్టి చూడండి. లాగిందా, నమస్కారం పెట్టి వచ్చేయండి.

టేపుతో ఇంకో పని. ముందు చక్రాల మధ్య దూరం ఇరుసు ఎత్తులోనే ముందువైపూ వెనకవైపూ కొలవండి. రెండూ దాదాపు సమానంగా ఉండాలి, ముందువైపు ఒకట్రెండు మిల్లీమీటర్లు తగ్గితే పర్వాలేదు. అంతకు మించితే టైర్లు అరిగిపోతాయి. ఆ దూరం సర్దుకునే రాడ్ ఉంటే సరే, చాలా చవక బండ్లలో అదీ ఉండదు.

చైన్ మామూలు సైకిల్ కంటే రెండు మూడు రెట్లు పొడవు. దారిలో దాన్ని మోసే కప్పీకి బేరింగ్ లేకపోతే కరకరమంటుంది, మీ బలమూ తింటుంది. అది మార్చుకోవచ్చు, టెన్షన్ వద్దు. కానీ పెడల్ మీద లేచి నిలబడి తొక్కే వీల్లేని బండి ఇది. చిన్న గేరు లేకపోతే అలిపిరి వైపు ఎక్కడం మర్చిపోండి. పెడల్‌కి మడమ పట్టీలు తప్పనిసరి. వేగంలో కాలు జారి నేలకి తగిలితే బండి దాని మీదికే వస్తుంది. ఆ తర్వాత పుత్తూరు కట్టే గతి!

మీ మోకాళ్లకి ముందు ఒకటి, వెనక రెండు చక్రాలున్న రకం నయం. సీటు కుర్చీ ఎత్తులో దొరుకుతుంది. అయితే మలుపులో లోపలి చక్రం లేస్తుంది, నిదానంగా తిప్పాలి. చాలావాటికి వెనక ఒక్క చక్రానికే చైన్ బలం అందుతుంది, ఇసుకలో అది ఊరికే తిరుగుతుంది.

ఏ రకమైనా 80 సెంటీమీటర్ల దాకా వెడల్పు ఉంటుంది. ముందు మీ ఇంటి గేటు కొలవండి.