లూనెబుర్గ్‌లో ఉంటున్న అమ్మాయికి

అమ్మాయీ,

జర్మనీలో తిరిగిన ఊళ్ళ గురించి నువ్వు రాసిన ముప్పై రెండు పేజీలూ అందాయి. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. ఇందులో పదకొండు ఊళ్ళున్నాయి. ఆ పదకొండు ఊళ్ళకూ నిన్ను కారులో తిప్పిన కుటుంబం మాత్రం లేదు. "మా హోస్ట్ ఫ్యామిలీ నన్ను లూబెక్ తీసుకెళ్ళారు" అని ఒక వాక్యం రాశావు, అంతే, ఆ తర్వాత వాళ్ళు కనిపించరు. ఊరు మొదలవుతుంది, హోల్‌స్టెన్ ద్వారం వస్తుంది, అది 1478లో పూర్తయిందని, బురదనేల కావడంతో కట్టేటప్పుడే ఒరగడం మొదలైందని, పాతబస్తీని యునెస్కో 1987లో గుర్తించిందని వస్తుంది. అన్నీ నిజాలే. ఆ ద్వారం ముందు నిలబడ్డ ఎవరి ఫోన్‌లోనైనా దొరుకుతాయి కూడా.

అయితే ఏడో పేజీలో ఒక సగం వాక్యం ఉంది. "అంకుల్ గంటల దగ్గర కాసేపు ఆగారు, తర్వాత మేం మార్జిపాన్ కొనుక్కోవడానికి వెళ్ళాం." నేను అక్కడ ఆగిపోయాను. ముప్పై రెండు పేజీల్లో నన్ను ఆపిన చోటు అదొక్కటే.

ఆ గంటల సంగతి నాకు తెలుసు. నేనూ చూశాను. 1942 మార్చి 28 రాత్రి, తెల్లవారితే మట్టల ఆదివారం, బ్రిటిష్ విమానాలు లూబెక్ మీద బాంబులు వేశాయి. మేరీ చర్చి గోపురం మండుతుంటే గంటలు పైనుంచి ఊడి నేలమీద పడి పగిలిపోయాయి. యుద్ధం అయ్యాక చర్చిని మళ్ళీ కట్టుకున్నారు గానీ ఆ గంటల్ని మాత్రం కదపలేదు. పడ్డచోటే, పగిలినట్టే, నేలలోకి దిగబడి ఇప్పటికీ ఉన్నాయి. సరే, ఇది చరిత్ర. నీ పని ఇది కాదు. ఆ ఇంటాయన ఎంతసేపు ఆగాడు? చేతులు ఎక్కడున్నాయి? వాళ్ళబ్బాయి పక్కనే నిలబడ్డాడా, బయటికి వెళ్ళిపోయాడా? ఆయన నీకేమైనా చెప్పబోయి మానేశాడా? నువ్వు చూశావు. చూడకపోతే ఆ సగం వాక్యం కూడా రాసేదానివి కాదు. ఎలా అడగాలో తెలియక, మనకెందుకులే అనుకుని మార్జిపాన్ అనే ఆ బాదం మిఠాయి దుకాణానికి వెళ్ళిపోయావు. అడగనక్కర్లేదమ్మా. ఆయన మనసులో ఏముందో ఊహించి రాయనూ అక్కర్లేదు. నువ్వు చూసింది చూసినట్టు, ఆ నాలుగు నిమిషాలూ నాలుగు నిమిషాలంత పొడుగ్గా రాయి.

నీకు ఎక్కడా చెప్పని ఒక విషయం ఇప్పుడు చెప్పాలి.

1986లో నేను మూడు వారాలు లూబెక్‌లో ఒక ఇంట్లో ఉన్నాను. అప్పుడు నాకు ఇప్పటి నీ వయసుకంటే ఏడాదో రెండేళ్ళో ఎక్కువ. ఇంటావిడకు అరవై దాటాయి. ఆవిడ పుట్టింది యుద్ధం తర్వాత తూర్పు జర్మనీలోకి పోయిన విస్మార్ దగ్గర పల్లెలో. 1945లో ఇంట్లోవాళ్ళతో పాటు పడమటికి వచ్చేశారు. ఒకరోజు నన్ను సముద్రం ఒడ్డున ఉన్న ట్రావెమ్యూండె తీసుకెళ్ళి, అక్కడినుంచి పడవలో ఎదుటి ఒడ్డుకు, ప్రీవాల్‌కు దాటించింది. అప్పుడు రెండు జర్మనీల సరిహద్దు ఆ ఇసుకలోనే ఉండేది. జనం స్నానాలు చేస్తున్న బీచి అలా పోయి పోయి ఒక కంచె దగ్గర ఆగిపోతుంది. ఆవిడ ఫ్లాస్కులోంచి కాఫీ పోసి నాకిచ్చింది, తను తాగలేదు. కంచె అవతలి గట్టు వైపు చూస్తూ నిలబడింది. నాకు ఎండగా ఉంది, వెళ్ళిపోదాం అనిపించింది. నా నోట్‌బుక్‌లో ఆ రోజు ఓడలూ ఉన్నాయి, ఐస్‌క్రీమ్ ధరా ఉంది, ఆవిడ లేదు.

తిరిగొచ్చాక ఒక పత్రికకు యాత్రా వ్యాసం రాశాను. అచ్చయింది. అందులో వాళ్ళ రాత్రి భోజనం గురించి ఒక వాక్యం రాశాను: "వీళ్ళు ఇంటికి అతిథి వచ్చినా రాత్రిపూట పొయ్యి వెలిగించరు." చదివిన వాళ్ళు నవ్వారు, భలే రాశావన్నారు. కాపీ ఒకటి ఆవిడకు పోస్టు చేశాను. ఆవిడ ఆ పేజీకి ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకుంది. తెలుగు ఒక్క అక్షరమూ చదవడం రాదు కదా, నేను రాశానని పెట్టుకుంది, అంతే.

ఆరేడేళ్ళ తర్వాత హాంబుర్గ్‌లో చదువుకుంటున్న మన తెలుగు అబ్బాయొకడు వాళ్ళింటికి వెళ్ళాడు. ఆవిడ సంబరంగా గోడమీంచి ఫ్రేమ్ దించి, ఇందులో ఏముందో చెప్పు బాబూ అని అతని చేతికిచ్చింది. అతను ఒక్కొక్క పేరా చదువుతూ జర్మన్‌లో చెప్పుకుంటూ పోయాడు. ఆ వాక్యం దగ్గరికి వచ్చాడు. "అది వదిలేసి చదివానండీ" అని నాకు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది.

ఆ వాక్యం మర్యాద లేనిదని మాత్రమే కాదు నా బాధ. అది అబద్ధం. అక్కడ చాలా ఇళ్ళల్లో వేడి భోజనం మధ్యాహ్నమే. రాత్రికి రొట్టె, వెన్న, చీజ్, ఊరబెట్టిన దోసకాయ ముక్కలు. దాని పేరే సాయంత్రపు రొట్టె, ఆబెండ్‌బ్రోట్. నేను మాంసం తిననని తెలిశాక ఆవిడ రోజూ రాత్రి నా ఒక్కదాని కోసం రెండు బంగాళాదుంపలు ఉడికించి, చల్లారకుండా గిన్నె బోర్లించి నా పళ్ళెం పక్కన పెట్టేది. మూడు వారాలు రోజూ నా కోసం పొయ్యి వెలిగిన ఇంటి గురించి నేను రాసిన వాక్యం అది. గిన్నె నా కళ్ళముందే ఉంది. వాక్యం బాగా కుదిరిందన్న మురిపెంలో నాకు కనిపించలేదు.

అందుకే నీ పదిహేడో పేజీ చదువుతుంటే గుండె కలుక్కుమంది. "ఉదయం లేచింది మొదలు బ్రెడ్డు, బ్రెడ్డు, బ్రెడ్డు, నాలుక చచ్చిపోయింది" అని రాశావు. నాలుక చచ్చిపోయిన మాట నిజమే అయితే రాయి. దాన్ని దాచమని నేను చెప్పను. కానీ ఆ బల్ల దగ్గర ఇంకేం జరిగిందో కూడా రాయి. ఆవిడ నీ కోసం కారప్పొడి లాంటిది ఏమైనా వెతికి తెచ్చిందా? నువ్వు తినలేకపోయిన రోజు ఎవరైనా గమనించారా? నువ్వు తెలుగులో రాస్తున్నావు, వాళ్ళు చదవలేరు. వాళ్ళు జవాబు చెప్పుకోలేరు కాబట్టి నీ బాధ్యత రెట్టింపవుతుంది. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు ఆ బల్ల దగ్గర కూర్చుని ఇది వాళ్ళకు చదివి వినిపిస్తారనుకునే రాయి.

ఇక నువ్వు ఉంటున్న లూనెబుర్గ్ సంగతి. నీ రాతల్లో అది అందమైన పాత ఊరు, ఇటుక ఇళ్ళు, కాలువ గట్టున కాఫీ హోటళ్ళు. అమ్మాయీ, నువ్వు నౌపడ పిల్లవి! ఉప్పుమళ్ళు చూస్తూ పెరిగావు. ఉప్పు మీద నిలబడ్డ ఊళ్ళో నాలుగు నెలలుగా ఉంటూ ఉప్పు గురించి ఐదు వాక్యాలు రాశావా? ఆ ఊరి కింద ఉప్పు దిబ్బ ఉంది. వెయ్యేళ్ళపాటు ఉప్పునీరు పైకి తోడి, పెనాల్లో పోసి, కట్టెల మంట మీద కాచి ఉప్పు తీశారు. మనకు ఎండ చేసే పని అక్కడ మంట చేసింది. ఆ ఉప్పు బళ్ళ మీదా, పడవల మీదా లూబెక్ చేరేది. హోల్‌స్టెన్ ద్వారం పక్కనే నది ఒడ్డున ఆరు ఇటుక గోదాములు వరసగా ఉంటాయి చూడు, అవి ఉప్పు కోసం కట్టినవే. అక్కడినుంచి ఉప్పు బాల్టిక్ సముద్రం దాటి వెళ్ళి హెర్రింగ్ చేపల పీపాల్లో పడేది. ఉపవాస దినాల్లో మాంసం తినకూడదు, చేప తినొచ్చు. సగం యూరప్‌కి ఆ ఉప్పుచేపే గతి. లూబెక్ వర్తకుల ఐశ్వర్యంలో పెద్ద వాటా అక్కడినుంచి వచ్చిందే. ఎండుచేపల వాసన తెలిసిన నీకు ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన విషయమా?

కింద ఉప్పు పోతుంటే పైన నేల కుంగింది. లూనెబుర్గ్‌లో ఒక పేట పేటంతా అలా కుంగింది. గోడలు ఒరిగి, తలుపులు సరిగా మూసుకోని ఇళ్ళున్నాయి. ఒక పెద్ద చర్చిని పంతొమ్మిదో శతాబ్దంలో కూల్చేయాల్సి వచ్చింది. ఉప్పు తయారీ 1980లో మూతపడింది, ఇప్పుడక్కడ మ్యూజియం ఉంది. ఇంటి పెద్దావిడకు ఆ కార్ఖానా నడిచిన రోజులు తప్పకుండా గుర్తుంటాయి. మీ ఊళ్ళో ఉప్పు ఎలా పండిస్తారో ముందు నువ్వు ఆవిడకు చెప్పు. కాలితో మడి తొక్కడం, పలకతో ఉప్పు లాగడం చేసి చూపించు. నీ దగ్గరున్నది నువ్వు ముందు పెడితే అవతలి మనిషి తన దగ్గరున్నది తీస్తుంది. ప్రశ్నలు పట్టుకుని కూర్చుంటే నువ్వు ఇంటర్వ్యూకి వచ్చినట్టుంటుంది.

ఉప్పు పోలిక నీది, ఎందుకంటే అది నీ చేతికి తెలుసు. "ఎల్బే నది మన గోదావరిలా ఉంది", "హూసుమ్ సముద్రం మన భీమిలిలా ఉంది" అని రాసినవి మాత్రం కొట్టేశాను. హూసుమ్‌లో సముద్రం రోజుకు రెండుసార్లు కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోతుంది. మిగిలిన బురద మీద జనం చెప్పులు విప్పి నడుస్తారు. అది భీమిలిలా ఎక్కడుంది?

హూసుమ్ దాటి కాస్త ఉత్తరానికి పోతే బ్రెక్లుమ్ అని చిన్న ఊరు. బహుశా మీ కారు ఆ పక్కనుంచే పోయుంటుంది. 1876లో అక్కడ మొదలైన క్రైస్తవ మిషన్ వాళ్ళు 1880ల్లో మన సాలూరుకూ, కోరాపుట్ కొండల్లోకీ వచ్చారు. ఇటు నీకు దగ్గర్లో, లూనెబుర్గ్ బీడుభూముల్లో, హెర్మన్స్‌బుర్గ్ ఉంది. అక్కడి మిషన్ వాళ్ళు అంతకు ముందే, 1860ల్లో, నెల్లూరు వైపు గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట ప్రాంతాలకు వచ్చారు. ఆ వచ్చినవాళ్ళు తెలుగు నేర్చుకోక తప్పలేదు. ఆ చరిత్రలో మంచీ ఉంది, మనం నిలదీసి అడగాల్సినవీ ఉన్నాయి. ఒక ఆదివారం తీసుకెళ్ళమని అడుగు. నూటయాభై ఏళ్ళ కిందట ఇటునుంచి అటు రాసిన ఉత్తరాల్లో మన ఇళ్ళ గురించీ మన తిండి గురించీ ఏం రాసుంటారో ఒక్కసారి ఆలోచించు. అప్పుడు వాళ్ళది చదవలేని ఇంట్లో మనం ఉన్నాం.

సంభాషణల దగ్గర నాకు గట్టి అనుమానం. పెద్దావిడ చేత "రా తల్లీ, ఇది నీ ఇల్లే అనుకో" అనిపించావు. ఆవిడ నిజంగా అన్నదేమిటి? ఉత్తర జర్మనీ వాళ్ళు పొదుపుగా మాట్లాడతారు. పొద్దున్నా, మధ్యాహ్నమూ, రాత్రీ ఒకటే పలకరింపు, మోయిన్. ఆవిడ మోయిన్ అని, ఇంట్లో వేసుకునే చెప్పుల జత నీ ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయి ఉంటే అదే రాయి. మన సినిమా అమ్మమ్మను అక్కడికి తీసుకెళ్ళకు. ఆ చెప్పులు నీ కొలతకు సరిపోయాయా లేదా అన్నది ఆ తల్లీ బిడ్డా మాటలకంటే ఎక్కువ చెబుతుంది.

వాళ్ళకూ నువ్వు, మీరు ఉన్నాయి. డూ, జీ. ఇంటావిడ మొదటిరోజే నన్ను డూ అను అందని రాశావు. మంచి విషయం, ఒక్క వాక్యంతో సరిపెట్టావు. అరవై ఏళ్ళ మనిషిని నువ్వు అనాల్సి వచ్చినప్పుడు నీ నోరు ఎన్ని రోజులు తడబడింది? మన ఇళ్ళల్లో అమ్మను నువ్వు అంటాం, నాన్నను చాలా ఇళ్ళల్లో మీరు అంటాం. మరి తెలుగులో రాసేటప్పుడు ఆవిడతో నీ మాటల్ని ఎలా పెడతావు? నాకైతే నువ్వు అనే పెట్టాలనిపిస్తుంది. నీకు వేరేగా అనిపిస్తే అలాగే చెయ్యి, కానీ పుస్తకం చివరిదాకా ఒకే పద్ధతి ఉంచు.

చిన్నవి కొన్ని. వాళ్ళ అసలు పేర్లు, వీధి, అబ్బాయి బడి, ఇంటాయన గుండె ఆపరేషన్ తీసేయి. ఆపరేషన్ సంగతి ఆయన నీకు చెప్పాడు గానీ మీ పాఠకులకు చెప్పలేదు. ఖర్చుల లెక్క మాత్రం ఉంచు, ఒక్కసారి వాడే ఖాళీ ప్లాస్టిక్ సీసాకు ఇరవై ఐదు సెంట్లు తిరిగొస్తాయన్న ముక్కతో సహా. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి మజిలీ మజిలీకీ దారి ఎలా ఉందో, ఏ ఊళ్ళో ఏం దొరుకుతుందో రాసుకున్నారు. ఇన్నేళ్ళ తర్వాత మనం ఆ ముక్కల కోసమే వెతుక్కుంటున్నాం. బ్రేమెన్, ష్వెరిన్, ష్ట్రాల్‌జుండ్ పేజీలు పూర్తిగా తీసేసినా నష్టం లేదు, అక్కడ నువ్వు ఫొటోలు దిగావు, అంతే. విస్మార్ ఉంచమని అడుగుతున్నాను, అది నా స్వార్థం.

మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు మేరీ చర్చిలో గంటల దగ్గర మొదలుపెట్టు. మొదటి నాలుగు పేజీలు రాశాక ఒక ఆదివారం మధ్యాహ్నం, కాఫీ వేళ కేకు కోసేటప్పుడు, నీకొచ్చిన జర్మన్‌లోనే వాళ్ళకు చెప్పి చూడు. ఎక్కడ నీ నోరు ఆగిపోతుందో అక్కడ పెన్సిల్‌తో గీత గియ్యి. ఆ గీతలు చెరపకుండా, ఆ పేజీలే నాకు పంపు. పెద్దావిడకు నా నమస్కారాలు చెప్పు.

ఉంటాను.