మా అమ్మాయి గ్రాంట్లు నమ్ముకుని బతకగలదా?

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. లలిత కళల్లో డిగ్రీ, బీఎఫ్ఏ పూర్తయింది. తనకు అమ్మాయిలంటేనే ఇష్టమని కిందటేడు మాతో చెప్పింది. ఇప్పుడు ఇద్దరు స్నేహితులతో కలిసి ఎల్‌జీబీటీక్యూ యువత జీవితాల మీద యానిమేషన్ షార్ట్ ఫిల్మ్ తీస్తానంటోంది. దానికి గ్రాంట్లు వస్తాయట. డిజైన్‌లో పీజీ, అంటే ఎం.డెస్. చేయమంటే వద్దంటోంది. గ్రాంట్లతో బతుకు గడుస్తుందా? పేరు బయటికొస్తే ఉద్యోగం, పెళ్లి, చెల్లెలి సంబంధాలు ఏమవుతాయి? ఎం.డెస్., ఉద్యోగం, గ్రాంట్లు, ఈ మూడింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు: నమస్కారమండీ. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తుంటాయి. అడిగేది సంపాదన గురించే అయినా అసలు భయం వేరే ఉంటుంది. పిల్ల సంగతి అందరికీ తెలిసిపోతుందేమో, ఆ తర్వాత తనకంటూ ఎవరూ మిగలరేమో అని. ముందు దాని గురించే చెబుతాను.

గ్రాంటు ఇచ్చే సంస్థలు సాధారణంగా ఎంపికైనవారి పేరు, ఫొటో, ప్రాజెక్టు వివరాలు అందరికీ కనిపించేలా ప్రకటిస్తాయి. అది ఇష్టం లేకపోతే కలం పేరుతో ప్రకటిస్తారా అని అప్లికేషన్ పెట్టకముందే మెయిల్ రాసి అడగాలి. ఒప్పందం మీద సంతకం, పాన్, బ్యాంకు ఖాతా మాత్రం అసలు పేరుతోనే ఉండాలి. ముగ్గురిలో ఎవరైనా ట్రాన్స్ అయి, పిలుచుకునే పేరొకటి, కాగితాల్లో పేరొకటి ఉంటే డబ్బు బ్యాంకు దగ్గర ఆగిపోవచ్చు. ఏ పేరు ఎక్కడ వాడాలో ఒప్పందంలోనే రాయించుకోవాలి. సినిమాలో వేరే పిల్లల కథలు వాడుకుంటే వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. పేరు బయటపెట్టాలా వద్దా అన్నది మాత్రం ముగ్గురూ ఎవరికి వారు తేల్చుకోవాల్సిన విషయం. అమ్మాయి తరఫున మీరు తేల్చకండి.

ఇక కాస్త గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. ఉత్తరంలో పెళ్లి గురించి రాశారు, చెల్లెలి సంబంధాల గురించి రాశారు. అమ్మాయి ఏ కథ తీయాలనుకుంటోందో ఒక్క మాట లేదు. మీరు అడిగారా? తనకేది ఇష్టమో ధైర్యం చేసి మీ ముందు చెప్పుకున్న పిల్లకు మళ్లీ పెళ్లి మాట ఎత్తితే, చెప్పడమే తప్పయిందనుకుంటుంది. పెద్దవాళ్ల పరస్పర అంగీకారంతో ఉండే స్వలింగ సంబంధాలు నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తేల్చి చెప్పింది. "డాక్టరుకు చూపిస్తే మారుతుంది" అని బంధువులెవరైనా అంటే వినకండి. అలా మారుస్తామనే చికిత్సలను జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. చెల్లెలి పెళ్లి భారం అక్క నెత్తిన పెట్టకండి.

గ్రాంట్ల సంగతికి వద్దాం. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1995 నుంచి కళాకారులకు గ్రాంట్లు ఇస్తోంది. ప్రపోజల్ భారతీయ భాషల్లో రాయొచ్చు, అంటే తెలుగులోనూ పంపొచ్చు. ఇంగ్లిష్ బాగా రాయలేమని ఆగిపోయే పిల్లలకు ఈ సంగతి తెలియాలి. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది. 25 దాటాక జూనియర్ ఫెలోషిప్ ఉంది, అది నెలకు 10,000. ఇవన్నీ కళ కోసం ఇచ్చేవి, ఎల్‌జీబీటీక్యూ వారికి ప్రత్యేకించినవి కావు. ముంబైలో 2010లో మొదలైన ఎల్‌జీబీటీక్యూ సినిమాల పండుగ, కశిష్ క్వీర్ చిత్రోత్సవం మాత్రం క్యూదృష్టి పేరుతో షార్ట్ ఫిల్మ్‌లకే గ్రాంటు ఇస్తూ వచ్చింది. మీ అమ్మాయి రెండు రకాలకూ అప్లై చేయాలి. ప్రత్యేక గ్రాంట్లు కొన్నే, అడిగేవాళ్లు ఎక్కువ.

విదేశీ సంస్థల విషయంలో చాలా జాగ్రత్త అవసరం. విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ఉంది. "మా సంస్థ ఖాతాలో వేయించుకుని మీకు ఇచ్చేస్తాం" అని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. అలా విదేశీ విరాళాన్ని మరొకరికి బదిలీ చేయడాన్ని 2020 సవరణ నిషేధించింది. మంచి సీఏను అడగకుండా ఒక్క డాలరు కూడా ఖాతాలోకి రానివ్వకండి. ఆన్‌లైన్‌లో పదిమందినీ చందాలు అడిగే క్రౌడ్ ఫండింగ్‌కూ లెక్కలు రాయాలి. బంధువులు కానివారు ఊరికే ఇచ్చిన డబ్బు ఏడాదిలో 50,000 రూపాయలు దాటితే ఆదాయపు పన్ను పరిధిలోకి వస్తుంది.

గ్రాంట్ ఆర్టిస్ట్‌గా బతకడం ఇప్పుడు పిల్లల్లో ఒక ఆకర్షణ అయింది. దాని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. గ్రాంటు ప్రాజెక్టుకు వస్తుంది, మనిషికి కాదు. డబ్బు విడతలుగా ఇస్తారు, చివరి విడత చాలాచోట్ల రిపోర్టు ఇచ్చాకే. ఈలోగా ఎడిటింగ్‌కు, సౌండ్‌కు చేతి డబ్బు పెట్టాలి. ఒక గ్రాంటుకూ ఇంకో గ్రాంటుకూ మధ్య నెలల తరబడి ఖాళీ వస్తుంది, ఆ ఖాళీలోనే పిల్లలు కుంగిపోతారు. జూన్‌లో ఎల్‌జీబీటీక్యూ వారి ప్రైడ్ నెల అనగానే కొన్ని కంపెనీలు వెంటపడి బొమ్మలు వేయించుకుంటాయి. జులైలో ఫోన్ ఎత్తరు. దాన్ని కెరీర్ అనుకోవద్దని మీ అమ్మాయికి నా మాటగా చెప్పండి.

నన్ను ఇంతకన్నా బాధపెట్టేది మరొకటుంది. ఎంత ఏడిపించేలా రాస్తే అంత త్వరగా గ్రాంటు వస్తుందని పిల్లలు నేర్చేసుకుంటున్నారు. ఇంట్లో పడ్డ దెబ్బలు, కాలేజీలో పడ్డ మాటలు ప్రపోజల్‌లో పేరాలవుతున్నాయి. ఒకటి తిరస్కరిస్తే ఇంకో గాయం తవ్వి రాస్తారు. ఇరవై రెండేళ్ల పిల్ల తన బాధను జ్యూరీ మార్కుల కోసం మళ్లీ మళ్లీ చెప్పుకోవడం ఆరోగ్యం కాదు. ఇద్దరమ్మాయిలు బస్సులో నవ్వుకుంటూ వెళ్లే కథ కూడా సినిమాయే, దానికీ డబ్బు అడిగే హక్కుంది. ఏం చెప్పాలో, ఏం దాచుకోవాలో ముందే గీత గీసుకుని ప్రపోజల్ రాయడం మొదలుపెట్టాలి.

మీరడిగిన పోలికకు నా జవాబు చిన్నదే. రెండేళ్ల ఎం.డెస్. కోర్సు ఎక్కడికీ పోదు, వచ్చే ఏడు చేరొచ్చు. ఇష్టం లేకుండా తోస్తే ఫీజు పోతుంది, పిల్లా దూరమవుతుంది. యానిమేషన్ స్టూడియోలో స్టోరీబోర్డు పనో, పుస్తకాలకు బొమ్మల పనో వారానికి కొన్ని రోజులు చేస్తూ, మిగతా రోజులు సినిమాకు కేటాయించమనండి. నెల ఖర్చు ఆ పని నుంచి, సినిమా ఖర్చు గ్రాంటు నుంచి. ఏడాది గడువు పెట్టుకుని, గ్రాంటు రాకపోతే చిన్న బడ్జెట్‌తో మూడు నిమిషాల ముక్కైనా పూర్తి చేయాలి. తర్వాత గ్రాంటు అడిగినా, ఉద్యోగం అడిగినా, ఎం.డెస్. ఇంటర్వ్యూకు వెళ్లినా చూపించడానికి అదే ఉంటుంది.

ఎవరూ మిగలరన్న భయం గురించి ఒక మాట. ట్రాన్స్ మహిళ, భరతనాట్య కళాకారిణి నర్తకి నటరాజ్‌కు 2019లో పద్మశ్రీ వచ్చింది. ఎల్లమ్మ భక్తుల జానపద కళ అయిన జోగతి నృత్యం చేసే ట్రాన్స్ మహిళ మంజమ్మ జోగతికి 2021లో వచ్చింది, ఆమె కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్షురాలిగానూ పనిచేశారు. ఇద్దరూ చిన్న వయసులోనే సొంత ఇంటికి దూరమై అంత దూరం వెళ్లారు. మీ అమ్మాయి ఇంకా మీ ఇంట్లోనే ఉంది, మీతోనే మాట్లాడుతోంది. బీఎఫ్ఏ చేసింది, కలిసి పనిచేసే ఇద్దరు స్నేహితులున్నారు. ఆమె చేతిలో చాలా ఉందండీ, ధైర్యంగా ఉండండి.

ఈ ఆదివారం ఆ కథ చెప్పమని అడగండి. మధ్యలో సలహా ఇవ్వకుండా పూర్తిగా వినండి. తర్వాత బడ్జెట్ కాగితం చూపించమనండి. లెక్కలు మీకు తెలిసినంత వాళ్లకు తెలియవు, అక్కడ మీ సాయం నిజంగా అవసరం. కెమెరాకు, సాఫ్ట్‌వేర్‌కు అంకెలు వేసి, దర్శకురాలి పారితోషికం దగ్గర ఈ వయసు పిల్లలు సున్నా పెడతారు. అక్కడ న్యాయమైన అంకె వేయించి, అప్పుడు పంపమనండి.